ఇంటర్నెట్ చిరునామాల కొరత, ఐపీవీ6కు మార్పు

ఇంటర్నెట్‌లో ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి సమాచారం చేరాలంటే రెండింటికీ ఐపీ అడ్రసు ఉండాలి. 1981లో ఖరారైన నాలుగో వెర్షన్ ప్రోటోకాల్, అంటే ఐపీవీ4, ఈ అడ్రసుకు 32 బిట్లు కేటాయించింది. అందుకే మొత్తం అడ్రసులు 429,49,67,296 దగ్గర ఆగిపోతాయి. ఈ నిల్వ కేంద్ర స్థాయిలో 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. దాని స్థానంలోకి రావాల్సిన ఐపీవీ6 నిర్వచనం 1995లోనే వెలువడింది. ముప్పై ఏళ్లు గడిచినా ఇవాళ రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

అడ్రసులు అయిపోయిన రోజున ఇంటర్నెట్ ఆగిపోలేదు. ఉన్నవాటిని పంచుకుంటూ, లేనివాళ్లు కొనుక్కుంటూ నెట్టుకొచ్చింది. ఈ సర్దుబాటు ఖర్చు మాత్రం అందరి మీదా సమానంగా పడలేదు. ముందుగా వచ్చినవాళ్లకు అడ్రసులు దాదాపు ఉచితంగా, అవసరానికి మించి దక్కాయి. ఆలస్యంగా వచ్చిన దేశాలు, కొత్తగా మొదలైన సంస్థలు ఆ కొరతను మోశాయి. కొత్త ప్రోటోకాల్‌లోకి గట్టిగా అడుగుపెట్టినవాళ్లలో వీళ్లు కూడా ఉండడానికి కారణం అదే.

32 బిట్ల నిర్ణయం

అడ్రసు ఎంత పొడవుండాలన్న చర్చ 1970ల చివర్లో అమెరికా రక్షణ శాఖ నిధులతో సాగిన ఆర్పానెట్ పరిశోధనలో జరిగింది. పొడవు మారుతూ ఉండే అడ్రసు పెడదామని కొందరన్నారు, 128 బిట్లు ఉండాలని ఇంకొందరన్నారు. వాదన తెగకపోవడంతో 1977 ప్రాంతంలో ఆ పరిశోధనను నడిపిస్తున్న వింట్ సెర్ఫ్ 32 బిట్ల దగ్గర ముగించారు. అది ఒక ప్రయోగానికి సరిపోతుందని అనుకున్నామని, ఆ ప్రయోగమే ముగియకుండా లోకమంతా పాకిందని ఆయన తర్వాత అనేకసార్లు చెప్పారు. అప్పటి లెక్కలో అది తప్పు కాదు. కంప్యూటరంటే గది నిండా ఉండే యంత్రమైన కాలంలో 400 కోట్లకు పైగా అడ్రసులంటే ఎన్నటికీ తరగని నిధిలా కనిపించి ఉంటుంది.

జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో ఐపీవీ4 ప్రమాణపత్రం 1981 సెప్టెంబరులో వచ్చింది. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం పాత ప్రోటోకాల్‌ను వదిలేసి టీసీపీ ఐపీకి మారింది. ఆ మార్పు కొన్ని వందల కంప్యూటర్ల వ్యవహారం కాబట్టి ఒక తేదీ పెట్టుకుని కానిచ్చారు. అలాంటి ఏకకాల మార్పు మళ్లీ సాధ్యపడలేదు.

అసలు చిక్కు అడ్రసుల సంఖ్య కంటే ముందు వాటి పంపకంలో మొదలైంది. మొదట్లో వాటిని మూడు తరగతులుగా చేసి పంచారు. ‘ఏ’ తరగతి తీసుకున్న సంస్థకు 1,67,77,216 అడ్రసులు, బీ తరగతికి 65,536, సీ తరగతికి 256 దక్కేవి. వెయ్యి కంప్యూటర్లున్న కళాశాలకు సీ చాలదు, బీ ఇస్తే 64 వేలకు పైగా వృథా. అయినా బీ ఇచ్చేవారు. ఎంఐటీకి, ఫోర్డ్ కార్ల కంపెనీకి, యాపిల్‌కు ఒక్కొక్కరికి ఒక ‘ఏ’ తరగతి కట్ట దక్కింది. అమెరికా రక్షణ శాఖకు అలాంటివి ఎన్నో. తన యంత్రంతో తానే మాట్లాడుకోవడానికి వాడే 127తో మొదలయ్యే కట్ట మొత్తం, అంటే 1.67 కోట్ల అడ్రసులు, ఒక్క పనికే రాసిపెట్టారు. 240తో మొదలయ్యే చివరి 26.8 కోట్లు భవిష్యత్తు కోసమని పక్కన పెట్టారు. ఆ అడ్రసులను చెల్లనివిగా చూసేలా పరికరాల్లో సాఫ్ట్‌వేర్ రాసేయడంతో అవి ఇప్పటికీ బహిరంగ వాడకానికి రాలేదు.

మొదటి మరమ్మతులు

1990లో కెనడాలోని వాంకూవర్‌లో ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ సమావేశమైనప్పుడు ఫ్రాంక్ సొలెన్‌స్కీ, ఫిల్ గ్రాస్, స్యూ హేర్స్ ఒక అంచనా వేశారు. అప్పటి వేగమే కొనసాగితే బీ తరగతి అడ్రసులు 1994 మార్చికల్లా అయిపోతాయన్నది దాని సారాంశం. ఆ ముప్పును మూడు మరమ్మతులు తప్పించాయి.

మొదటిది 1993లో వచ్చిన సైడర్ పద్ధతి. తరగతులను ఎత్తేసి, సంస్థకు ఎన్ని అడ్రసులు కావాలో అంత దగ్గరి కొలతలో కత్తిరించి ఇవ్వడం ఇందులోని సూత్రం. నెట్‌వర్క్ ఇంజినీర్లు రోజూ పలికే స్లాష్ ఎయిట్, స్లాష్ ట్వంటీఫోర్ లాంటి మాటలు దీనితోనే పుట్టాయి. రెండోది 1994లో వచ్చిన నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, వాడుకలో నాట్. మూడోది ప్రైవేటు అడ్రసుల విధానం. 10తోనూ 192.168తోనూ మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి ఎవరైనా తమ గోడల లోపల వాడుకోవచ్చని, అవి బయటి ఇంటర్నెట్‌లో చెల్లవని 1996 ఫిబ్రవరిలో ఖరారైంది.

వీటిలో నాట్ ప్రభావం అన్నిటికన్నా లోతైనది. ఇంట్లో వైఫై రౌటర్ ఉందనుకుందాం. ల్యాప్‌టాప్‌కు 192.168.1.5, ఫోనుకు 192.168.1.6 అని రౌటరే అడ్రసులిస్తుంది. బయటి ప్రపంచానికి మాత్రం రౌటర్‌కున్న ఒకే అడ్రసు, ఉదాహరణకు 203.0.113.7, కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఒక వెబ్‌సైటుకు ప్యాకెట్ పంపినప్పుడు రౌటర్ అందులోని పంపినవారి అడ్రసును చెరిపి తన అడ్రసు రాస్తుంది. పక్కనే ఒక పోర్టు నంబరు, 51000 అనుకుందాం, వేసి ఆ జతను తన పట్టికలో నమోదు చేసుకుంటుంది. జవాబు 51000 పోర్టుకు రాగానే పట్టిక చూసి ల్యాప్‌టాప్‌కు అందిస్తుంది. ఆఫీసులో ఒకే బోర్డు నంబరు మీద వంద ఎక్స్‌టెన్షన్లు నడిచినట్టే ఇది. ఆ ఎక్స్‌టెన్షన్లకు బయటివాళ్లు నేరుగా ఫోను చేయలేరు, ఇక్కడా అంతే. లోపలి యంత్రం ముందుగా పలకరిస్తే తప్ప బయటి యంత్రం దాన్ని చేరలేదు.

ఇంటర్నెట్ మూల సూత్రం ఏ యంత్రమైనా ఏ యంత్రంతోనైనా నేరుగా మాట్లాడగలగడం. నాట్ ఆ సూత్రాన్ని దెబ్బతీసింది. ఇంట్లో కూర్చుని సొంత సర్వర్ నడపాలనుకునేవారికి, ఇద్దరు నేరుగా మాట్లాడుకునే వాయిస్ కాల్ సాఫ్ట్‌వేర్ రాసేవారికి ఇది నిత్యం తగిలే గోడ. నాట్ భద్రత ఇస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. నిజానికి ఆ పని ఫైర్‌వాల్‌ది, నాట్ లేకుండానే అది చేయగలదు.

ఐపీవీ6 రూపకల్పన

మరమ్మతులు కొంత గడువిచ్చాయి. ఆ గడువులోనే పూర్తి పరిష్కారం వెతికారు. మూడు ప్రతిపాదనలు పోటీపడగా, స్టీవ్ డీరింగ్, పాల్ ఫ్రాన్సిస్, బాబ్ హిండెన్ తదితరులు రూపొందించిన సిప్ అనే నమూనాను 1994లో ఎంచుకున్నారు. అందులో అడ్రసు పొడవు 64 బిట్లే. దాన్ని 128కి పెంచాకే ఆమోదించారు. అయిదో నంబరు అప్పటికే ధ్వని, వీడియోల ప్రయోగాత్మక ప్రోటోకాల్ ఒకదానికి పోయింది కాబట్టి కొత్తదానికి ఆరు వచ్చింది. ప్రమాణపత్రం మొదటిసారి 1995 డిసెంబరులో, సవరించిన రూపం 1998 డిసెంబరులో వచ్చాయి. పూర్తి స్థాయి ఇంటర్నెట్ ప్రమాణంగా గుర్తింపు 2017 జులైలో దక్కింది.

128 బిట్లంటే 34 తర్వాత 37 సున్నాలు పెట్టినంత సంఖ్య. అడ్రసును పదహారు ఆధారంగా ఉండే హెక్సాడెసిమల్ పద్ధతిలో, నాలుగేసి అంకెల ఎనిమిది గుంపులుగా రాస్తారు. వరుసగా వచ్చే సున్నాల గుంపులను ఒక్కసారి మాత్రం జంట కోలన్‌తో కుదించవచ్చు. వెబ్‌సైటు పేర్లను అడ్రసులుగా మార్చేందుకు గూగుల్ ప్రజలకు అందుబాటులో ఉంచిన డీఎన్ఎస్ సర్వర్ పాత అడ్రసు 8.8.8.8. దాని కొత్త అడ్రసు పూర్తిగా రాస్తే 2001:4860:4860:0000:0000:0000:0000:8888, కుదిస్తే 2001:4860:4860::8888. పాతదాన్ని నోటితో చెప్పగలం. కొత్తదాన్ని చెప్పడం కష్టం. మనుషులు వాడేది వెబ్‌సైటు పేర్లనే కాబట్టి మామూలు వాడకందారుకు ఇది తగలదు. రాత్రిపూట లోపం వెతికే ఇంజినీరుకు మాత్రం బాగా తగులుతుంది.

పొడవొక్కటే మారలేదు. ఐపీవీ4 ప్యాకెట్ తలభాగం 20 నుంచి 60 బైట్ల వరకు మారుతుంది, ఐపీవీ6ది ఎప్పుడూ 40 బైట్లే. తప్పులను పట్టేందుకు ప్రతి రౌటర్ దగ్గరా మళ్లీ లెక్కించాల్సిన చెక్‌సమ్‌ను తీసేశారు. పెద్ద ప్యాకెట్‌ను దారిలో రౌటర్లు ముక్కలు చేయవు. ప్యాకెట్ పట్టడం లేదన్న సందేశం మాత్రమే పంపిన యంత్రానికి చేరుతుంది, కొలత తగ్గించుకోవడం దాని వంతు. భద్రత పేరుతో ఆ సందేశాలను ఫైర్‌వాల్ దగ్గర ఆపేసిన చోట్ల చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైళ్లు మాత్రం మధ్యలో బిగుసుకుపోతాయి. ఐపీవీ6 సరిగా పనిచేయడం లేదన్న ఫిర్యాదుల్లో కొన్నింటి మూలం ఇదే.

యంత్రం తన అడ్రసును తానే తయారు చేసుకోవడం మరో మార్పు. రౌటర్ మొదటి 64 బిట్లు చెబుతుంది, మిగతా 64 యంత్రం సొంతంగా నింపుకుంటుంది. తొలినాళ్లలో ఆ రెండో సగాన్ని నెట్‌వర్క్ కార్డు మీది శాశ్వత సంఖ్య నుంచి తీసుకునేవారు. దానివల్ల ఒక ల్యాప్‌టాప్ ఏ ఊరికి వెళ్లినా గుర్తుపట్టే వీలుండేది. ఇది తీవ్రమైన లోపం. యాదృచ్ఛిక సంఖ్యలతో తరచూ మారే తాత్కాలిక అడ్రసుల విధానాన్ని 2001లోనే ప్రతిపాదించారు. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు వాటినే వాడతాయి.

నిల్వ ఖాళీ అయిన తీరు

ప్రపంచ అడ్రసుల మూల నిల్వ ఐయానా అనే వ్యవస్థ చేతిలో ఉంటుంది. అది స్లాష్ ఎయిట్ కట్టలను, అంటే 1.67 కోట్ల అడ్రసులను ఒక్కసారిగా, అయిదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు ఇస్తుంది. 2011 జనవరి చివరి రోజున ఆసియా పసిఫిక్ రిజిస్ట్రీ ఏపీనిక్ రెండు కట్టలు తీసుకుంది. దాంతో అయిదే మిగిలాయి. అయిదు మిగిలితే తలా ఒకటి పంచాలన్నది ముందే ఒప్పుకున్న నియమం. ఫిబ్రవరి 3న మయామీలో జరిగిన సభలో ఆ పంపకం పూర్తయింది.

అన్నిటికంటే ముందు తట్టుకోలేకపోయింది ఏపీనిక్. చైనా, భారత్, ఇండోనేషియాల్లో వాడకం ఎగబాకుతున్న కాలమది. 2011 ఏప్రిల్ 15కల్లా తన చివరి కట్టలోకి దిగింది. అప్పటి నుంచి ఒక్కో సంస్థకు గరిష్ఠంగా 1,024 అడ్రసులే ఇచ్చింది, 2019లో దాన్ని 512కి కుదించింది. ఐరోపా, పశ్చిమాసియాలను చూసే రైప్ 2012 సెప్టెంబరులో చివరి కట్టకు చేరి, 2019 నవంబరు 25న పూర్తిగా ఖాళీ అయింది. ఉత్తర అమెరికా రిజిస్ట్రీ ఆరిన్ 2015 సెప్టెంబరులో, లాటిన్ అమెరికాది 2020 ఆగస్టులో అయిపోయాయి. ఆఫ్రికాలో నిల్వ కొంతకాలం ఎక్కువ నిలిచింది.

అడ్రసుల బజారు

కొరత వచ్చిన చోట ధర పుడుతుంది. దివాలా తీసిన నోర్టెల్ కంపెనీ ఆస్తుల అమ్మకంలో భాగంగా 2011లో మైక్రోసాఫ్ట్ 6,66,624 అడ్రసులను 75 లక్షల డాలర్లకు కొన్నది, అంటే అడ్రసు 11.25 డాలర్లు. దశాబ్దం తిరిగేసరికి ధర 50 డాలర్లు దాటింది. 2017లో ఎంఐటీ తన కట్టలో సగానికి దగ్గరగా అమ్మేసింది, కొన్నది అమెజాన్. 2019లో హామ్ రేడియో ప్రయోగాల కోసం ఎప్పుడో కేటాయించిన కట్టలో నుంచి దాదాపు 42 లక్షల అడ్రసులు అదే అమెజాన్‌కు 10 కోట్ల డాలర్లకు పైగా పలికాయి. ఆ సొమ్ముతో రేడియో ఔత్సాహికులకు, విద్యార్థులకు గ్రాంట్లు ఇస్తున్నారు.

ఇలా కొన్న పెద్ద క్లౌడ్ కంపెనీయే 2024 ఫిబ్రవరి 1 నుంచి తన వినియోగదారుల దగ్గర ఒక్కో ఐపీవీ4 బహిరంగ అడ్రసుకు గంటకు 0.005 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. ఏడాదికి అది దాదాపు 44 డాలర్లు. ఐపీవీ6 అడ్రసుకు అలాంటి రుసుము లేదు. ఏళ్ల తరబడి సభలూ కరపత్రాలూ చేయలేని పనిని బిల్లులోని ఈ ఒక్క పద్దు కొంత చేసింది.

పంపకంలోని అసమానత ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికా సంస్థల చేతిలో 150 కోట్లకు పైగా ఐపీవీ4 అడ్రసులున్నాయి. 140 కోట్ల జనాభా ఉన్న భారత్‌కు దక్కినవి 4 కోట్లకు అటూ ఇటూ. ఎవరో కుట్ర చేసి ఇలా పంచలేదు. ముందొచ్చినవాళ్లకు ముందు అన్న నియమమే ఇంత తేడా తెచ్చింది. అయినా దాన్ని న్యాయమనడానికి మనసొప్పదు.

పంచుకోవడంలోని ఖర్చు

అడ్రసులు చాలని ఇంటర్నెట్ కంపెనీలు నాట్‌నే పెద్ద ఎత్తున తమ కేంద్రంలో పెట్టాయి. దీన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. ఇంటి రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి వ్యాన్ అడ్రసు అన్న చోట 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే సంఖ్య కనిపిస్తే ఆ కనెక్షన్ దాని వెనకే ఉన్నట్టు. ఈ పని కోసమే 2012 ఏప్రిల్‌లో ఆ శ్రేణిని కేటాయించారు. ఒక అడ్రసుకు 65,536 పోర్టులుంటాయి. చందాదారుకు వెయ్యేసి ఇచ్చినా ఒక అడ్రసు వెనక అరవై ఇళ్లు సర్దుకోవాలి.

తెనాలిలో అమ్మానాన్నల ఇంటి ముందున్న కెమెరాను డాలస్ నుంచి నేరుగా చూద్దామనుకున్న కొడుకుకు ఈ గోడ ఎదురవుతుంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ ఎంత జాగ్రత్తగా పెట్టినా ప్యాకెట్ ఆ రౌటర్ దాకా రానేరాదు, కంపెనీ నాట్ దగ్గరే ఆగిపోతుంది. ఇక దారులు రెండు. నెలనెలా అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా వీడియోను కెమెరా తయారీదారు సర్వర్ మీదుగా తిప్పాలి. సొంతింటి వాకిలి దృశ్యం మూడో వ్యక్తి చేతుల మీదుగా పోవడం చిన్న విషయం కాదు. రెండువైపులా ఐపీవీ6 ఉంటే ఆ అవసరమే లేదు. కెమెరాకు సొంత అడ్రసు ఉంటుంది, రౌటర్ ఫైర్‌వాల్‌లో దానికి మాత్రం అనుమతి ఇస్తే చాలు.

ఇలా అడ్రసు పంచుకోవడం నేర పరిశోధనకు కూడా తలనొప్పి. ఒక అడ్రసు నుంచి మోసం జరిగిందని తెలిస్తే సరిపోదు. ఏ పోర్టు, ఏ సెకను అన్నవి కూడా ఉంటే తప్ప అరవై ఇళ్లలో ఏ ఇల్లో తేలదు. చాలా వెబ్‌సైట్లు పోర్టు నంబరు నమోదే చేయవు. అందుకే 2017లో ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ ఈ పద్ధతిని వదిలించుకోవాలని బహిరంగంగా కోరింది. ఒకరి స్పామ్‌కు అడ్రసును నిషేధిస్తే పంచుకున్నవాళ్లందరికీ శిక్ష పడుతుందన్నది మరో బాధ.

వంతెనలు

ఐపీవీ4 యంత్రం ఐపీవీ6 ప్యాకెట్‌ను చదవలేదు. ఇది రూపకర్తల నిర్లక్ష్యమని తరచూ విమర్శిస్తారు. అది పూర్తిగా సరికాదు. 32 బిట్ల గడిలో అంతకంటే పొడవైన అడ్రసు ఎలా రాసినా పట్టదు. పొరపాటు మరోచోట ఉంది. అందరూ రెండు ప్రోటోకాళ్లనూ కలిపి నడుపుతారని, పాత అడ్రసులు అయిపోయేలోపే కొత్తది అంతటా చేరుతుందని నమ్మారు. ముందుగా మారినవాడికి వెంటనే దక్కే లాభం లేదు, ఖర్చు మాత్రం రెట్టింపు. అలాంటప్పుడు ఎవరు ముందు కదులుతారు? రెండింటి మధ్య అనువాదం చేసే పద్ధతులు పక్కాగా రావడానికి 2011 దాకా పట్టింది.

వాటిలో ముఖ్యమైనవి నాట్64, డీఎన్ఎస్64. ఫోనుకు ఐపీవీ6 మాత్రమే, అది వెతికే సైటుకు ఐపీవీ4 మాత్రమే ఉందనుకుందాం. ఫోను ఆ సైటు అడ్రసు అడగ్గానే డీఎన్ఎస్64 సర్వర్ ఒక ప్రత్యేక ఐపీవీ6 అడ్రసు అల్లి, దాని చివరి 32 బిట్లలో సైటు పాత అడ్రసును దాచి ఇస్తుంది. ఫోను దానికే ప్యాకెట్ పంపుతుంది. మధ్యలో నాట్64 ఆ చివరి బిట్లు చదివి, ఐపీవీ4 ప్యాకెట్‌గా మార్చి ముందుకు పంపుతుంది. పేరు అడగకుండా నేరుగా పాత అడ్రసునే వాడే యాప్‌ల కోసం ఫోను లోపలే మరో అనువాదకుణ్ణి పెట్టే 464ఎక్స్‌లాట్ 2013లో వచ్చింది. అమెరికాలో టీ మొబైల్ దీన్ని భారీగా అమలు చేసింది. యాప్‌లన్నీ ఐపీవీ6 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లో పనిచేయాలని యాపిల్ 2016 జూన్ 1 నుంచి నిబంధన పెట్టింది.

పెద్ద సైట్లు 2011 జూన్ 8న ఒక్కరోజు పరీక్షగా ఐపీవీ6ను తెరిచి చూశాయి. 2012 జూన్ 6న శాశ్వతంగా తెరిచాయి. ఒక దారి చెడితే పేజీ నిలిచిపోకుండా, బ్రౌజరు రెండు దారులనూ సెకనులో కొంత భాగం తేడాతో ప్రయత్నించి ముందు తగిలినదాన్ని పట్టుకునే హ్యాపీ ఐబాల్స్ పద్ధతి కూడా ఆ ఏడాదే ప్రమాణమైంది. వాడేవాడికి మార్పు తెలియకుండా పోవడానికి ఇది ఎంతో తోడ్పడింది.

భారత్‌లో

టెలికాం శాఖ జాతీయ ఐపీవీ6 ప్రణాళికను 2010 జులైలో, దాని రెండో రూపాన్ని 2013లో ప్రకటించింది. దేశంలో అడ్రసులిచ్చే ఐరిన్ అనే సంస్థ 2012లో ఏర్పడింది. కాగితం మీద అంతా ఉన్నా వాడకం చాలాకాలం నామమాత్రమే.

అసలు మలుపు 2016 సెప్టెంబరు 5న జియో రాకతో వచ్చింది. పాత 2జీ, 3జీ బరువు లేని 4జీ నెట్‌వర్క్ అది, మొదటి నుంచీ ఐపీవీ6తో కట్టారు. 170 రోజుల్లో చందాదారులు 10 కోట్లకు చేరారు. దేశం మొత్తానికి ఉన్న ఐపీవీ4 అడ్రసులు 4 కోట్లే అన్నది గుర్తుంచుకుంటే అది ఎంపిక కంటే అవసరం అనిపిస్తుంది. తర్వాత మిగతా మొబైల్ కంపెనీలూ అదే బాట పట్టాయి. గూగుల్ కొలతల ప్రకారం ఇప్పుడు భారత్ నుంచి వచ్చే వాడకంలో మూడింట రెండు వంతులకు పైగా ఐపీవీ6 మీదే నడుస్తోంది, ఫ్రాన్స్, జర్మనీలతో పాటు ముందు వరుసలో ఉంది. కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఫోనులో వీడియో చూస్తున్న మనిషి చాలాసార్లు తనకు తెలియకుండానే కొత్త ప్రోటోకాల్ వాడుతున్నాడు.

ఈ ఘనత మొబైల్‌ది. ఊళ్లలో కేబుల్ ఆపరేటర్ల ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండ్, ఆఫీసుల అంతర్గత నెట్‌వర్క్‌లు వేరే కథ. పాత రౌటర్లు, సిబ్బందికి లేని శిక్షణ అక్కడ అడ్డు. ఐపీవీ6 తెలియనప్పుడు దాన్ని ఆపేయమని సలహా ఇచ్చే అలవాటు కూడా అడ్డే.

ప్రస్తుత స్థితి

గూగుల్‌ను ఐపీవీ6 మీదుగా చేరేవారి వాటా 2025 నాటికి ప్రపంచవ్యాప్తంగా సగానికి దగ్గరగా వచ్చింది. వాడేవారి వైపు కంటే సర్వర్ల వైపు వెనకబాటు ఎక్కువ. ప్రోగ్రామర్లు నిత్యం వాడే గిట్‌హబ్ 2024 చివరికి కూడా ఐపీవీ4 మీదే ఉంది. ఇలాంటి సైట్లు మిగిలినంతకాలం ప్రతి నెట్‌వర్క్ అనువాద యంత్రాలను పోషించక తప్పదు, ఆ ఖర్చు చందాలో కలుస్తుంది.

గడువు పెట్టుకున్న ప్రభుత్వాలు కొన్ని ఉన్నాయి. చైనా 2017 నవంబరులో దేశవ్యాప్త కార్యాచరణ ప్రకటించింది. అమెరికా ఫెడరల్ శాఖలు తమ పరికరాల్లో కనీసం 80 శాతాన్ని 2025 ఆర్థిక సంవత్సరాంతానికి ఐపీవీ6 మాత్రమే వాడేలా మార్చాలని 2020 నవంబరులో ఆదేశం వచ్చింది. చెక్ రిపబ్లిక్ ఇంకాస్త ముందుకెళ్లి, ప్రభుత్వ సేవలను ఐపీవీ4 మీద అందించడం 2032 జూన్ 6న ఆపేస్తామని 2024లో తీర్మానించింది. పాతదాన్ని మూసే తేదీని ఒక దేశం ఇలా రాసిపెట్టుకోవడం అరుదు. కొత్తదాన్ని తెరవమన్న ఆదేశాలు ఎన్నో వచ్చాయి. పాతదాన్ని మూయమన్నవి మాత్రం వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.